క్లయింట్ ఇన్‌స్టాల్‌తో పాటే ప్యాచ్ కూడా వేయడం ఎలా?

"కొత్త మెషీన్‌లో కాన్ఫిగరేషన్ మేనేజర్ క్లయింట్ వేస్తున్నాం. దాని హాట్‌ఫిక్స్ కూడా అదే ఊపులో ఎక్కించేయొచ్చా, లేక క్లయింట్ అయ్యాక మళ్ళీ విడిగా పంపాలా?" ఈ ప్రశ్న నన్ను తరచూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. (కాన్ఫిగరేషన్ మేనేజర్ అంటే కంపెనీ కంప్యూటర్లన్నిటినీ ఒకచోటి నుంచి చూసుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్. క్లయింట్ అంటే ఒక్కో మెషీన్‌లో దాని తరఫున పనిచేసే ప్రోగ్రాం. హాట్‌ఫిక్స్ అంటే ఆ ప్రోగ్రాంలోని తప్పుని సరిచేసే ప్యాచ్.) ఎక్కించొచ్చు. కమాండ్‌కి చివర్లో ఒక్క ముక్క తగిలిస్తే చాలు. అయితే ఆ ముక్క తప్పయితే ఆగేది ప్యాచ్ ఒక్కటే కాదు, క్లయింట్ కూడా ఎక్కదు. ఈ సంగతి తెలియకనే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఎలా చేయాలో చెప్పిన దానికంటే ఎక్కడ చెడుతుందో చెప్పిందే ఇక్కడ ఎక్కువ ఉంటుంది.

కాన్ఫిగరేషన్ మేనేజర్‌ని ఉదాహరణగా తీసుకున్నాను. మనలో చాలామంది దాన్ని ఇప్పటికీ ఎస్‌సీసీఎం అనే అంటారు. ఎంఎస్ఐ ఫైలుగా వచ్చే ఇతర మేనేజ్‌మెంట్ ఏజెంట్లకి కూడా దాదాపు ఇదే పద్ధతి. కమాండ్ చివర్లో తగిలించే ఆ ముక్క ప్యాచ్ అనే ప్రాపర్టీ, అంటే పేరు, ఈక్వల్ గుర్తు, విలువగా రాసే సెట్టింగ్. అది ఏ ఒక్క ఏజెంట్ సొంత సరుకూ కాదు, ఎంఎస్ఐ ఫైళ్ళని ఎక్కించే విండోస్ ఇన్‌స్టాలర్‌దే.

అసలు మీకు ఇది అవసరమా?

ముందు ఇది తేల్చుకోండి. 2015 చివర్లో వచ్చిన 1511 వెర్షన్‌తో కాన్ఫిగరేషన్ మేనేజర్ కరెంట్ బ్రాంచ్ (ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వస్తూ ఉండే) పద్ధతిలోకి మారింది. అప్పటినుంచి అప్‌డేట్లు కన్సోల్‌లోనే వస్తాయి. సైట్‌ని, అంటే మీ కాన్ఫిగరేషన్ మేనేజర్ సర్వర్ ఏర్పాటుని, అప్‌డేట్ చేస్తే సర్వర్ దగ్గరున్న క్లయింట్ ఫైళ్ళు కూడా దాంతోపాటే కొత్తవవుతాయి. మీరు ఆ దారిలో ఉంటే ప్యాచ్ ప్రాపర్టీ జోలికి పోకండి. కోరి తలనొప్పి తెచ్చుకున్నట్టే.

మరి ఎవరికి కావాలి? 2012 ఆర్2 లాంటి పాత వెర్షన్ ఇంకా నడుపుతున్నవాళ్ళకి. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2022 జులై 12తో అయిపోయింది, అయినా మూలమూలల్లో నడుస్తూనే ఉంది. అలాగే సపోర్ట్ వాళ్ళు విడిగా ఒక ప్యాచ్ ఫైలు చేతిలో పెట్టినవాళ్ళకి, వేరే కంపెనీ ఏజెంట్లు వాడేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- ఎంఎస్‌పీ ఎక్స్‌టెన్షన్ ఉన్న ప్యాచ్ ఫైలు. డౌన్‌లోడ్ చేసింది ఈఎక్స్‌ఈ అయితే ముందు దాన్ని విప్పి లోపలి ఎంఎస్‌పీని బయటికి తీయాలి. ఈఎక్స్‌ఈని నేరుగా ఇస్తే పనిచేయదు.
- ఆ ప్యాచ్ తాలూకు కేబీ ఆర్టికల్ (మైక్రోసాఫ్ట్ ఇచ్చే వివరణ పేజీ). ఏ వెర్షన్ మీద వేయాలో, ఏ ఫైళ్ళు మారతాయో అందులో ఉంటుంది.
- క్లయింట్ మెషీన్లన్నీ చదవగలిగే ఒక షేర్ ఫోల్డర్.
- పాడైపోయినా ఫరవాలేదు అనుకునే ఒక టెస్ట్ మెషీన్, లేదా వర్చువల్ మెషీన్.
- లాగ్ చదవడానికి సీఎంట్రేస్. నోట్‌ప్యాడ్‌తోనూ చదవొచ్చు, కళ్ళు నొప్పెడతాయి, అంతే.

1. ప్యాచ్, క్లయింట్ ఒకదానికొకటి సరిపోతాయో లేదో చూడండి

ఎంఎస్‌పీ ఫైలు ఏ క్లయింట్ మీద పడితే ఆ క్లయింట్ మీద కూర్చోదు. అది ఫలానా ప్రోడక్ట్, ఫలానా వెర్షన్ కోసమే తయారవుతుంది. 2012 ఆర్2 క్లయింట్ మొదటి వెర్షన్ 5.00.7958.1000. దాని మొదటి క్యుములేటివ్ అప్‌డేట్ వేస్తే 5.00.7958.1203 అవుతుంది, అయిదోది వేస్తే 5.00.7958.1604. మొదటి మూడు ముక్కలు కదలవు, చివరిది మాత్రం మారుతుంది. మీ క్లయింట్ సోర్స్‌లో ఆ మూడు ముక్కలే వేరైతే ఇక్కడే ఆగిపోండి, ప్యాచ్ ఎక్కదు.

32-బిట్ క్లయింట్‌కి ఒక ఎంఎస్‌పీ, 64-బిట్‌కి ఇంకొకటి. రెండూ ఒకే షేర్‌లో పెట్టినా పేర్లు మార్చకండి. పేరు చివర్లో ఉండే ఆ కొద్ది అక్షరాలే ఏది 32, ఏది 64 అని చెప్పడానికి మనకి ఆధారం.

ఒకటి కంటే ఎక్కువ ప్యాచ్‌లు ఉన్నాయా? క్యుములేటివ్ అయితే చివరిది ఒక్కటే తీసుకోండి, పాతవన్నీ అందులోనే ఉంటాయి. "ఎందుకైనా మంచిది" అని అయిదూ వరసపెట్టి ఇచ్చేవాళ్ళని చూశాను. దానివల్ల వచ్చే లాభమేమీ లేదు, తప్పు జరిగే అవకాశం మాత్రం అయిదింతలు.

ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ ఒకసారి చూడండి. అరనిమిషం పని.

2. ఫైలుని సరైన చోట పెట్టండి

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కాస్త నింపాదిగా చదవండి.

క్లయింట్ పుష్ (సర్వర్ నుంచే మెషీన్‌లోకి క్లయింట్ ఎక్కించడం) ద్వారా వేసేటప్పుడు సెటప్ ప్రోగ్రాం మీ పేరుతో నడవదు. లోకల్ సిస్టమ్ ఖాతా (విండోస్ సొంత అంతర్గత ఖాతా) కింద సర్వీసుగా నడుస్తుంది. నెట్‌వర్క్ షేర్ దగ్గరికి వెళ్ళినప్పుడు అది చూపించే గుర్తింపు ఆ మెషీన్ తాలూకు కంప్యూటర్ ఖాతాది. మీరు డొమైన్ అడ్మిన్ అయితే మీకు షేర్ తెరుచుకుంటుంది, మెషీన్‌కి తెరుచుకోదు. "నాకు బాగానే ఓపెన్ అవుతోందే" అనే మాట దగ్గర ఎన్ని గంటలు వృథా అయ్యాయో లెక్కలేదు.

అందుకని:

- షేర్ పర్మిషన్లలోనూ, ఫోల్డర్ సెక్యూరిటీలోనూ, రెండుచోట్లా డొమైన్ కంప్యూటర్స్ గ్రూపుకి రీడ్ హక్కు ఇవ్వండి. ఒకచోట ఇచ్చి రెండోచోట మరిచిపోవడం మామూలే.
- పాత్ ఎప్పుడూ పూర్తిగా రాయండి. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలై సర్వర్ పేరు, షేర్ పేరు, ఫోల్డర్, ఫైలు పేరు దాకా. ఉత్త ఫైలు పేరు ఇస్తే "సెటప్ ఫోల్డర్‌లోనే ఉందిగా, దొరక్కపోతుందా" అనుకుంటాం. దొరకదు.
- మీరు మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ సిస్టమ్ ఖాతాకి కనిపించదు. ఆ అక్షరంతో పాత్ రాయకండి.
- ఫోల్డర్ పేర్లలో ఖాళీలు లేకుండా చూసుకోండి. కొటేషన్లతో నెట్టుకురావచ్చు కానీ, లేకపోతే మనశ్శాంతి.

వర్క్‌గ్రూప్‌లో ఉన్న, అంటే డొమైన్‌లో చేరని, మెషీన్లకి ఈ షేర్ దారి కుదరదు. వాటికి ముందు ఫైలుని సి డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ లోకల్ పాత్ ఇవ్వాలి. కాపీ చేయడం, సెటప్ నడపడం రెండూ ఒకే స్క్రిప్టులో పెట్టుకోవచ్చు.

సైట్ సర్వర్‌లో ఉండే అసలు క్లయింట్ ఫోల్డర్‌లో మాత్రం మీ ఫైళ్ళు పెట్టకండి. అది సర్వర్ సొంతంగా చూసుకునే ఫోల్డర్, సైట్ అప్‌గ్రేడ్‌తో మారిపోతుంది.

3. సిస్టమ్ ఖాతా కళ్ళతో ఒకసారి చూడండి

టెస్ట్ మెషీన్‌లో అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, సిస్‌ఇంటర్నల్స్ (మైక్రోసాఫ్ట్ ఉచిత టూల్స్) వాళ్ళ పీఎస్‌ఎగ్జెక్‌ని ఎస్, ఐ అనే రెండు స్విచ్‌లతో నడిపి, దాన్నుంచి ఇంకో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. కొత్త కిటికీలో హూయామ్‌ఐ అని కొడితే ఎన్‌టీ అథారిటీ సిస్టమ్ అని రావాలి. ఇప్పుడు డిఐఆర్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ ఎంఎస్‌పీ పూర్తి పాత్ పేస్ట్ చేయండి. ఫైలు పేరు, సైజు కనిపించాయంటే దారి క్లియర్. యాక్సెస్ డినైడ్ అని వస్తే రెండో అంచెకి వెనక్కి వెళ్ళండి.

ఈ అంచె దాటేసి నేరుగా పుష్ చేసే ధైర్యం నాకైతే లేదు.

4. కమాండ్ రాయండి

ఫోన్‌లో అవతలివాళ్ళకి చదివి చెప్పినట్టు చెబుతాను, మీరు టైప్ చేసుకోండి.

మొదట సీసీఎంసెటప్ డాట్ ఈఎక్స్‌ఈ, అంటే క్లయింట్ సెటప్ ప్రోగ్రాం. తర్వాత స్లాష్‌తో మొదలయ్యే స్విచ్‌లు, ఉదాహరణకి స్లాష్ ఎంపీ, కోలన్, మేనేజ్‌మెంట్ పాయింట్ (క్లయింట్లు మాట్లాడే సర్వర్) పేరు. ఆ తర్వాత స్లాష్ లేని ప్రాపర్టీలు: ఎస్ఎంఎస్ సైట్‌కోడ్ కలిపి రాసి, ఈక్వల్ గుర్తు, మీ మూడక్షరాల సైట్ కోడ్. చివర్లో మన ముక్క: ప్యాచ్ అని ఇంగ్లీషులో క్యాపిటల్ లెటర్లతో, ఈక్వల్ గుర్తు, డబుల్ కొటేషన్, ఎంఎస్‌పీ పూర్తి పాత్, డబుల్ కొటేషన్.

ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఈ వరస కూడా తారుమారు చేయకండి: స్లాష్ ఉన్నవి ముందు, లేనివి తర్వాత. స్లాష్ స్విచ్‌లు సీసీఎంసెటప్ కోసం. మిగతావి అది క్లయింట్ డాట్ ఎంఎస్ఐకి అందిస్తుంది.

నిజంగానే రెండు వేర్వేరు ప్యాచ్‌లు కావాలంటే, అదే కొటేషన్ల లోపల రెండు పాత్‌ల మధ్య సెమీకోలన్ పెట్టండి. ఖాళీ వద్దు. ప్యాచ్ ప్రాపర్టీని రెండుసార్లు రాయడం కూడా వద్దు.

ఇక్కడ మూడు ఉచ్చులున్నాయి:

- పవర్‌షెల్‌లో సెమీకోలన్ అంటే "ఇక్కడితో ఈ కమాండ్ అయిపోయింది" అని అర్థం. కొటేషన్లు సరిగ్గా లేకపోతే మీ రెండో పాత్‌ని అది కొత్త కమాండ్ అనుకుంటుంది. కొటేషన్లని పవర్‌షెల్ తనదైన పద్ధతిలో తీసేయడం కూడా ఉంది. ఈ టెన్షన్ ఎందుకు, మామూలు కమాండ్ ప్రాంప్ట్ వాడండి. తప్పదంటే మొత్తం ఆర్గ్యుమెంట్లని సింగిల్ కొటేషన్లలో పెట్టి స్టార్ట్-ప్రాసెస్‌కి ఇవ్వండి.
- బ్యాచ్ ఫైలుకి బయటినుంచి ఈ ప్రాపర్టీని పారామీటర్‌గా పంపితే, ఈక్వల్ గుర్తు దగ్గరా, కొటేషన్లు లేకపోతే సెమీకోలన్ దగ్గరా అది ముక్కలైపోతుంది. పాత్‌ని బ్యాచ్ ఫైలు లోపలే రాసేయండి.
- వర్డ్ నుంచో మెయిల్ నుంచో కాపీ చేసిన కమాండ్‌లో కొటేషన్లు వంపు తిరిగి ఉంటాయి. చూడటానికి అందంగా ఉంటాయి, పని మాత్రం చేయవు. ఒకసారి నోట్‌ప్యాడ్‌లో వేసి, కొటేషన్లు చెరిపి మళ్ళీ మీ చేత్తో టైప్ చేయండి.

5. ఒక్క మెషీన్ మీద నడిపి చూడండి

టెస్ట్ మెషీన్‌లో ముందే క్లయింట్ ఉంటే ఈ పరీక్షకి అర్థం ఉండదు. స్లాష్ అన్‌ఇన్‌స్టాల్ స్విచ్‌తో సీసీఎంసెటప్ నడిపి, పాతదాన్ని తీసి, రీస్టార్ట్ చేసి మొదలుపెట్టండి.

కమాండ్ కొట్టగానే ప్రాంప్ట్ వెంటనే తిరిగి వచ్చేస్తుంది. అయిపోయిందని కాదు, పని వెనకాల సర్వీసులో నడుస్తోందని. విండోస్ ఫోల్డర్‌లో సీసీఎంసెటప్ అనే ఫోల్డర్, దాని లోపల లాగ్స్, అందులో సీసీఎంసెటప్ డాట్ లాగ్ ఉంటుంది. దాన్ని సీఎంట్రేస్‌లో తెరిచి పెట్టుకోండి, రాతలు వస్తున్నకొద్దీ కిందికి జరుగుతుంటాయి.

మొదట వెతకాల్సింది ఎంఎస్ఐకి పంపిన ప్రాపర్టీల వరస. అందులో ప్యాచ్, దాని పక్కన మీరిచ్చిన పాత్ అక్షరం పొల్లుపోకుండా కనిపించాలి. సగం పాతే కనిపిస్తే కొటేషన్ల గొడవ. అసలు ప్యాచ్ అనే మాటే లేకపోతే కమాండ్ సీసీఎంసెటప్ దాకా సరిగ్గా చేరలేదు. చివరి లైన్లో రిటర్న్ కోడ్ 0 అని ఉంటే పని అయినట్టు, 7 అంటే అయింది కానీ రీస్టార్ట్ కావాలని.

6. అందరికీ పంపండి

క్లయింట్ పుష్ అయితే, కన్సోల్‌లో క్లయింట్ పుష్ ఇన్‌స్టాలేషన్ ప్రాపర్టీస్ తెరిచి, ఇన్‌స్టాలేషన్ ప్రాపర్టీస్ ట్యాబ్‌లో ఉన్నదానికి పక్కన ఒక ఖాళీ వదిలి ప్యాచ్ ముక్క చేర్చండి. ఇక్కడొక హెచ్చరిక. యాక్టివ్ డైరెక్టరీ (డొమైన్ సమాచారం ఉండే చోటు) స్కీమాని కాన్ఫిగరేషన్ మేనేజర్ కోసం ఎక్స్‌టెండ్ చేసి ఉంటే, ఈ పెట్టెలో రాసినవి డైరెక్టరీలోకి పబ్లిష్ అవుతాయి. ఏ ప్రాపర్టీలూ ఇవ్వకుండా సీసీఎంసెటప్ నడిపిన మెషీన్లు కూడా వాటిని అక్కణ్ణుంచి తీసుకుంటాయి. అంటే మీరు 64-బిట్ మెషీన్ల కోసం రాసిన పాత్, మూలనున్న 32-బిట్ మెషీన్‌కీ వెళ్తుంది. రెండు రకాలూ ఉన్నచోట ఈ పెట్టె వాడకండి. మెషీన్ రకాన్ని చూసి సరైన ఎంఎస్‌పీని ఎంచుకునే స్టార్టప్ స్క్రిప్టు రాసుకోవడం మేలు.

టాస్క్ సీక్వెన్స్‌లో (మెషీన్‌కి ఓఎస్ ఎక్కించే అంచెల వరసలో) ఓఎస్‌తో పాటు వేస్తుంటే దారి వేరు. ప్యాకేజ్ ఫ్రమ్ డెఫినిషన్ ద్వారా మీ సొంత క్లయింట్ ప్యాకేజీ ఒకటి చేసుకుని, దాని సోర్స్‌లో హాట్‌ఫిక్స్ అని ఒక సబ్‌ఫోల్డర్ పెట్టి అందులో ఎంఎస్‌పీ వేయండి. డిస్ట్రిబ్యూషన్ పాయింట్లని (మెషీన్లకి ఫైళ్ళు అందించే సర్వర్లని) అప్‌డేట్ చేయండి. ఇది మరిచిపోతే మీ సర్వర్‌లో ఫైలు ఉంటుంది, మెషీన్‌కి మాత్రం రాదు. తర్వాత సెటప్ విండోస్ అండ్ కాన్ఫిగరేషన్ మేనేజర్ అనే స్టెప్‌లో ఆ ప్యాకేజీని ఎంచుకుని, ప్రాపర్టీల పెట్టెలో ప్యాచ్ ముక్క రాయండి.

ఇక్కడ పాత్ ఏమివ్వాలి? టాస్క్ సీక్వెన్స్ తన ప్యాకేజీలని సి డ్రైవ్‌లో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఎస్ఎంఎస్ టాస్క్ సీక్వెన్స్ ఫోల్డర్ కింద దింపుకుంటుంది. లోపల ప్యాకేజీ ఐడీ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. మధ్యలో ఏ సబ్‌ఫోల్డర్ వస్తుందో ఊహించి రాయకండి. ఒకసారి ప్యాచ్ లేకుండా సీక్వెన్స్ నడిపి, క్లయింట్ స్టెప్‌కి ముందు ఎఫ్8 నొక్కి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి కళ్ళారా చూసి రాసుకోండి. ఎఫ్8 పనిచేయాలంటే బూట్ ఇమేజ్‌లో కమాండ్ సపోర్ట్ ముందే ఆన్ చేసి ఉండాలి. విండోస్ పీఈలో (ఓఎస్ ఎక్కించేముందు నడిచే చిన్న విండోస్‌లో) ఉన్నప్పుడు టాస్క్ సీక్వెన్స్ రాసుకునే ఎస్ఎంఎస్‌టీఎస్ లాగ్ ఎక్స్ డ్రైవ్‌లోని విండోస్, టెంప్ కింద దొరుకుతుంది. ప్యాకేజీ ఎక్కడ దిగిందో అందులోనూ ఉంటుంది. ప్యాకేజీని చెరిపి మళ్ళీ చేస్తే ఐడీ మారుతుంది, దాంతోపాటు మీ పాత్ కూడా చెల్లదు.

7. ఎక్కిందో లేదో తేల్చుకోండి

రిటర్న్ కోడ్ 0 చూసి సంబరపడిపోకండి. ఆ మెషీన్‌లో అదే వెర్షన్ క్లయింట్ ముందే ఉంటే, సెటప్ చేయడానికేమీ లేదనుకుని హాయిగా 0 ఇచ్చి వెళ్ళిపోవచ్చు. కాబట్టి ఈ మూడూ చూడండి:

- కంట్రోల్ ప్యానెల్‌లో కాన్ఫిగరేషన్ మేనేజర్ తెరిస్తే జనరల్ ట్యాబ్‌లో క్లయింట్ వెర్షన్ ఉంటుంది, కాంపోనెంట్స్ ట్యాబ్‌లో ఒక్కో భాగం వెర్షన్ ఉంటుంది. చివరి నాలుగంకెలు కేబీ ఆర్టికల్‌లో చెప్పినవేనా?
- మారే ఫైళ్ళ జాబితాలోంచి ఒకటి ఎంచుకోండి. విండోస్ ఫోల్డర్‌లోని సీసీఎం ఫోల్డర్‌లో దాన్ని పట్టుకుని, ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో వెర్షన్ చూడండి. చిన్న హాట్‌ఫిక్స్ అయితే పై వెర్షన్ నంబరు కంటే ఇదే గట్టి సాక్ష్యం.
- ఎక్కువ మెషీన్లయితే కన్సోల్‌లో డివైసెస్ జాబితాకి క్లయింట్ వెర్షన్ కాలమ్ చేర్చుకోండి. ఇది వెంటనే మారదు, క్లయింట్ సమాచారం పంపాకే మారుతుంది. పది నిమిషాలకే కంగారుపడొద్దు.

ఎర్రర్ వస్తే

సీసీఎంసెటప్ లాగ్ పక్కనే క్లయింట్ డాట్ ఎంఎస్ఐ డాట్ లాగ్ ఉంటుంది. అసలు కథంతా అందులోనే. రిటర్న్ వేల్యూ 3 అని వెతకండి, దొరికిన చోటు నుంచి పైకి చదవండి.

1635 అంటే ప్యాచ్ ఫైలు తెరవలేకపోయింది. పాత్ తప్పు, లేదా పర్మిషన్ లేదు. రెండో అంచె, మూడో అంచె మళ్ళీ చూడండి. 1636 అంటే ఫైలు తెరుచుకుంది కానీ సరైన ప్యాచ్ ఫైలు కాదు, డౌన్‌లోడ్ సగంలో తెగి ఉండొచ్చు. 1642 వస్తే ప్యాచ్‌కి, క్లయింట్‌కి జత కుదరలేదు: వెర్షన్ తేడా, లేదా 32, 64 బిట్ల తారుమారు. 1618 అంటే ఆ సమయంలో ఇంకో ఇన్‌స్టాల్ నడుస్తోంది, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి. 3010 ఎర్రర్ కాదు, రీస్టార్ట్ అడుగుతోంది. ఇక 1603 ఏ తప్పుకైనా వచ్చే కోడ్, ఏం జరిగిందో ఏమీ చెప్పదు. లాగ్ చదవక తప్పదు.

క్లయింట్ ఇప్పటికే ఉన్న మెషీన్లకి

వాటికి ప్యాచ్ ప్రాపర్టీ వద్దు. ఎంఎస్‌ఐఎగ్జెక్‌ని స్లాష్ పీ స్విచ్‌తో, ఎంఎస్‌పీ పాత్ ఇచ్చి, స్లాష్ క్యూ చేర్చి నేరుగా నడపండి. దీన్నే ఒక ప్యాకేజీగా చేసి, పాత వెర్షన్ ఉన్న మెషీన్ల కలెక్షన్‌కి పంపొచ్చు. స్లాష్ ఫోర్స్‌ఇన్‌స్టాల్ స్విచ్‌తో ఉన్నదాన్ని పీకి మళ్ళీ ప్యాచ్‌తో వేయడమూ కుదురుతుంది కానీ, ఒక్క ప్యాచ్ కోసం నడుస్తున్న క్లయింట్‌ని పీకడం నాకు నచ్చదు.

ఇంకొకటి. డిస్క్ నిండిందని విండోస్ కింద దాగి ఉండే ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌లోంచి ఎంఎస్‌పీలు చెరిపేయకండి. ప్యాచ్ కాపీ అక్కడ ఉంటేనే రేపు రిపేర్ అయినా, అన్‌ఇన్‌స్టాల్ అయినా సవ్యంగా జరుగుతాయి.

8. అవసరం తీరాక ప్రాపర్టీ తీసేయండి

దీన్ని అంచెల్లో ఒకటిగా లెక్కపెట్టడం నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒకచోట పనిచేస్తున్నప్పుడు పుష్ ప్రాపర్టీల పెట్టెలో ప్యాచ్ రాసి, పని జరిగిపోతోంది కదా అని మరిచిపోయాను. నెలల తర్వాత ఒక శుక్రవారం సాయంత్రం స్టోరేజ్ చూసేవాళ్ళు పాత షేర్‌ని మూసేశారు. సోమవారం కొత్త లాప్‌టాప్‌లలో ఒక్కదానికీ క్లయింట్ ఎక్కలేదు. అందరం ఫైర్‌వాల్‌నీ, డీఎన్ఎస్‌నీ అనుమానించాం. మధ్యాహ్నం దాకా లాగ్ ఎవరూ తెరవలేదు. తెరిస్తే 1635, పక్కనే నేను రాసిన పాత్.

సైట్‌ని అప్‌గ్రేడ్ చేసినా ఇదే గతి. షేర్ ఉంటుంది, ఫైలు ఉంటుంది, కానీ క్లయింట్ కొత్తదై ప్యాచ్ పాతదైపోతుంది, 1642 వస్తుంది. అందుకని ప్రాపర్టీ చేర్చిన రోజే క్యాలెండర్‌లో తీసేయాల్సిన తేదీ రాసుకోండి. అప్‌గ్రేడ్ చెక్‌లిస్టులో కూడా ఒక లైను పెట్టండి. పుష్ పెట్టె, టాస్క్ సీక్వెన్స్, స్టార్టప్ స్క్రిప్టు, గ్రూప్ పాలసీలోని సీసీఎంసెటప్ పారామీటర్లు, ఈ నాలుగు చోట్లా వెతకండి. తీసేశాక ఒక కొత్త మెషీన్ మీద మామూలుగా క్లయింట్ వేసి, లాగ్‌లోని ప్రాపర్టీల వరసలో ప్యాచ్ అనే మాట లేదని చూసుకోండి. షేర్‌లోని ఫైలుని ఆ తర్వాతే తొలగించండి.